నా గురించి నేను చేసిన వాకబు

మా వైపు సంబంధం ఖాయం చేసుకునే ముందు వాకబు చేస్తారు. ఫొటోలు, చదువు, జీతం అన్నీ ఫోన్లోకే వచ్చేస్తున్న ఈ కాలంలో కూడా ఆ పద్ధతి పోలేదు. పిల్ల తరపువాళ్ళని బాగా ఎరిగిన ఇద్దరి నంబర్లు సంపాదిస్తారు. ఒకరు మెతక మనిషి అయి ఉండాలి. ఆ ఫోను మర్యాద కోసం. రెండోవారు నోరున్న మనిషి అయి ఉండాలి. అసలు సంగతి ఆ నోట్లోంచే వస్తుందని నమ్మకం. జగ్గయ్యపేటలో మా నాలుగు వీధుల వరకూ ఆ రెండో నంబరు నాది.

దానికి నేను సిగ్గుపడలేదు సరికదా, గర్వపడేదాన్ని. "ఆవిణ్ణి అడగండి, దాచదు" అని జనం అనుకోవడం నాకు మరో డిగ్రీ లాగా ఉండేది. ఉన్న డిగ్రీల కంటే దాన్నే ఎక్కువ వాడాను. బస్సు ఆపని డ్రైవరు దగ్గర్నుంచి, తూకంలో వేలు పెట్టే చేపలామె వరకూ నా చేత మాటపడనివాళ్ళు తక్కువ. వాదించడమంటే నిజాయితీ అనుకున్నాను. ఉన్నమాట మొహానే అనే మనిషికి తన లోపల ఏదో దాగి ఉందన్న అనుమానం రాదు. దాచుకునేవాళ్ళకే వస్తుంది.

నేను నందిగామలో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. పద్దెనిమిదేళ్ళుగా జగ్గయ్యపేట నుంచి అప్ అండ్ డౌన్ చేస్తున్నాను. అన్నేళ్ళూ నా పక్క సీటు ఒక్కరిదే. తను అదే స్కూల్లో హిందీ టీచరు. బస్టాండుకి ఎవరు ముందొస్తే వాళ్ళు కిటికీ పక్కన రెండోవారి కోసం క్యారేజీ సంచి పెట్టేవాళ్ళం. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే ఎక్కేలోపు ఇంటి సంగతులు, ఎక్కాక స్కూలు సంగతులు. వాళ్ళ నాన్న పెనుగంచిప్రోలు దగ్గర కూలికెళ్ళి పిల్లల్ని చదివించాడు. ఆ పక్క ఊరే మాది. మిరపా పత్తీ వేసే కుటుంబం. వాళ్ళు చర్చికి వెళతారు, మేం గుడికి. ఈ తేడాలేవీ మా సీటు మీదకి ఎప్పుడూ రాలేదని నేను నలుగురిలో చెప్పుకునేదాన్ని. చెప్పుకోవలసిన అవసరం ఎందుకొచ్చేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

కిందటి ఏడు వేసవి సెలవుల తర్వాత తను మా స్కూలుకే ఇన్‌ఛార్జి హెడ్మిస్ట్రెస్ అయింది. స్టాఫ్ రూంలో ఇద్దరు ముగ్గురు "రిజర్వేషన్ రోస్టరు లెండి" అని గొణిగారు. నేను వాళ్ళమీద విరుచుకుపడ్డాను. తను నాకంటే నెల రోజులు సీనియరు, రోస్టరుతో పనే లేదు, ఆ మాత్రం లెక్క రాకపోతే పిల్లలకేం చెబుతున్నారు మీరు, అని ఉతికి ఆరేశాను. సాయంత్రం బస్సులో ఆ సంగతి తనకి చెప్పాను కూడా. తను కిటికీలోంచి చూస్తూ, "నా కోసం రోజూ పోట్లాడకే, అలిసిపోతావు" అంది. నేను అది కృతజ్ఞత అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం కంచికచర్ల నుంచి ఫోను వచ్చింది. మేడ మీద ఎండబెట్టిన మిరపకాయలు తిరగేస్తున్నాను.

"అమ్మా, నమస్తే అండీ. ఏమీ అనుకోమాకండి. మీ ఫ్రెండు గారి అమ్మాయిని మా వాడికి అనుకుంటన్నాం. నేను అబ్బాయికి పిన్నిని."

నాకు తెలుసు. ఆ పిల్ల అంతకుముందు మూడు సంబంధాలు వద్దంది. ఈ అబ్బాయిని వాళ్ళ చర్చి సభల్లో రెండుసార్లు చూసి, మాట్లాడి, మొదటిసారి సరేనంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆ సరేనన్న కబురు వాళ్ళమ్మకంటే ముందు నాకే చెప్పింది.

"మీరయితే ఉన్నమాట చెప్తారని అన్నారండీ," అందావిడ. ఆ ఒక్క మాటకి నేను మిరపకాయలు వదిలేసి గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"పిల్లకేమండీ, బంగారం. కళ్ళకద్దుకుని చేసుకోండి."

"కుటుంబం ఎలాంటిదండీ?"

"కుటుంబమూ మంచిదే. కాకపోతే ఈ మధ్యే పైకొచ్చారు గదండీ, ఆ కాస్త ఎత్తు ఉంటది. వాళ్ళమ్మకి కుర్చీ వచ్చాక మెడ నిటారయింది. దించమంటే దించదు. మీరే సర్దుకుపోవాలి మరి!" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "సరేనండీ, థాంక్సండీ," అని పెట్టేసింది. నేను మళ్ళీ మిరపకాయలు తిరగేసుకున్నాను. ఒక పెళ్ళికి సాయం చేశాననే అనుకున్నాను.

పది రోజుల తర్వాత మూడో పీరియడులో అటెండరు వచ్చి, హెడ్మిస్ట్రెస్ గారు రమ్మంటున్నారన్నాడు. వెళ్ళాను.

"కూర్చోండి మేడం," అంది తను.

"ఏంటే ఈ మేడం? ఎవరన్నా ఉన్నారా?" అని వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"కంచికచర్ల వాళ్ళు వద్దన్నారు."

"ఏం? ఏమొచ్చింది వాళ్ళకి? పిల్ల బంగారం అని నేను చెప్పా గదా!"

"ఇంకేం చెప్పావు?"

నాకు నిజంగానే వెంటనే గుర్తు రాలేదు. తనే చెప్పింది. వాళ్ళ మధ్యవర్తి ద్వారా వచ్చిన మాటలు, ఒకటీ పొల్లు పోకుండా. పైకొచ్చారు. ఎత్తు. మెడ.

"నవ్వులాటకి అన్నా తల్లీ! నీ మొహానే అంటా గదా ఇలాంటివి."

"నా మొహాన చాలా అన్నావు. ఇది మటుకు ఎప్పుడూ అనలా."

అక్కడ ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోవడం నాకు చేతకాదు. "అయినా నేను అబద్ధమేం చెప్పలేదే. కుర్చీ ఎక్కాక నువ్వు మారలేదా? స్టాఫంతా అంటన్నారు. నీ తరఫున పోట్లాడేది నేనొక్కదాన్నే, తెలుసా నీకు?"

తను నా వైపు చూసింది. కోపం ఉంటే ఎదుర్కొనేదాన్ని. కోపం లేదు. "పిల్ల రెండు రోజుల్నుంచి క్లినిక్కులో డ్యూటీకి పోలా," అంది. తర్వాత బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కుని, "బెల్లయింది. క్లాసుకి వెళ్ళండి," అంది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన నేను సంచి పెట్టాను. తను ఎక్కి, దాని పక్కనుంచి నడిచి వెనక జామకాయల బుట్ట పెట్టుకున్న ఒక ముసలామె పక్కన కూర్చుంది. నేను సంచి తీయలేదు. చిల్లకల్లులో ఎక్కినవాళ్ళు "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అండీ?" అని అడిగితే, "ఉన్నారు" అన్నాను. కండక్టరు కసిరేదాకా సంచి అక్కడే ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు నేను చేసిన పని ఒక్కటే: నా కేసు నేను వాదించుకోవడం. గిన్నెలు తోముతూ, పేపర్లు దిద్దుతూ, బస్సులో ఒంటరిగా. నేను పిల్లని పొగిడాను. అన్నది తల్లిని, అదీ నవ్వుతూ. హెడ్మిస్ట్రెస్ అయ్యాక తను నా దగ్గర కూడా లెసన్ ప్లాన్లు అడగలేదా? అంతమందిలో? ఇన్నేళ్ళ స్నేహానికి ఒక్క హాస్యం ఆడే హక్కు లేదా? ఒక్కో వాదన ఇంట్లో పైకే అనేదాన్ని. మా ఆయనకి ఎరువుల కొట్టు; రోజంతా రైతుల మాటలు విని విని ఇంట్లో ఎక్కువ మాట్లాడరు. ఒక రోజు కంచం ముందు కూర్చుని అంతా విని, "కేసు నువ్వే గెలుస్తావులే, జడ్జీ కూడా నువ్వే గదా. కూర వడ్డించు," అన్నారు.

ఆ మాటకి వాళ్ళ వంశం మొత్తాన్ని తిట్టాను. కానీ మర్నాడే కంచికచర్ల నంబరుకి ఫోను చేశాను. చెడగొట్టింది నేనైతే బాగుచేసేదీ నేనే అని. అందులోనూ ఎంత గర్వం ఉందో చూడండి.

"నేనేదో సరదాకి అన్నానండీ. వాళ్ళమ్మ లాంటి మనిషి ఈ చుట్టుపక్కల లేదు. మీరు మళ్ళీ ఒకసారి ఆలోచించండి," అన్నాను.

"అబ్బాయికి గుంటూరులో ఖాయం చేసుకున్నామండీ. మాట ఇచ్చేశాం," అంది పిన్ని.

"నా ఒక్క మాటకే?"

"ఇంత స్నేహమున్న మనిషే అలా అంటే ఆవిడ ఇంకెంత పొగరుగా ఉంటదో అన్నారండీ మా బావగారు. నేను మటుకు ఆవిడ గురించి ఏమీ అనుకోలా. మీ గురించే అనుకున్నా."

"నా గురించా?"

"మేమూ ఈ మధ్యే పైకొచ్చినోళ్ళమేనండీ. ఆ మాట మేం చాలాసార్లు విన్నాం. ఎవరు అంటారో, ఎట్టా అంటారో మాకు తెలుసు. మా బావగారు మగమనిషి, ఆయనకి అర్థంగాలా. ఉంటానండీ."

ఫోను పెట్టేశాక జవాబులు బోలెడు వచ్చాయి. నాకు అలాంటి పట్టింపు ఉంటే పద్దెనిమిదేళ్ళు ఒకే సీట్లో కూర్చుంటానా? రోస్టరన్న వాళ్ళని ఉతికి ఆరేస్తానా? నా క్లాసులో అంటరానితనం పాఠం నేను చెప్పినట్టు ఈ మండలంలో ఎవరైనా చెబుతారా? జవాబులన్నీ బాగున్నాయి. వినడానికి అవతల ఎవరూ లేరు. బహుశా అందుకే, నా మాటలు నాకు వినిపించడం మొదలైంది.

ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతూ, ఆ వాక్యాన్ని ఆవేళ ఫోన్లో అన్నట్టే పైకి అన్నాను. ఈ మధ్యే పైకొచ్చారు గదండీ. రెండోసారి అన్నాను. గొంతు చివర కొంచెం సాగింది, ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది. కత్తిపీట ఆపేశాను. ఆ గొంతు నాది కాదు, మా నాయనమ్మది. నాకు పదేళ్ళప్పుడు, మా కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే ఒకామె తన కొడుకుకి టీచరు ఉద్యోగం వచ్చిందని మిఠాయి తెచ్చింది. నాయనమ్మ పొట్లం తీసుకుని అరుగు మీద పెట్టి, ఆమె వెళ్ళాక సరిగ్గా ఆ సాగదీతతోనే, ఆ నవ్వుతోనే అంది: "పైకొచ్చార్లే." ఆ మిఠాయి మాకెవరికీ పెట్టలేదు. పశువులకి వేసింది. నేను కాలేజీకి వెళ్ళాక ఆవిడతో ఈ సంగతుల మీద ఎన్ని పోట్లాటలు పెట్టుకున్నానో! ప్రతిసారీ నేనే గెలిచాననుకున్నాను. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు. ఆ గొంతు మాత్రం నా నోట్లో భద్రంగా ఉంది.

ఒక దారం దొరికితే లాగకుండా ఉండలేను, అది నా మీదైనా సరే. క్రిస్మస్ సంగతి గుర్తొచ్చింది. ప్రతి ఏడూ తను భోజనానికి పిలుస్తుంది. ప్రతి ఏడూ నేను, "మధ్యాహ్నం కుదరదే, సాయంత్రం వస్తాలే," అంటాను. సాయంత్రం వెళ్ళి కేకు తిని, నారింజపళ్ళు ఒళ్ళో వేసుకుని వస్తాను. పద్దెనిమిది క్రిస్మసుల్లో నాకు ఒక్క మధ్యాహ్నమూ కుదరలేదు. స్కూల్లో తన క్యారేజీలోంచి నేను ఆవకాయ తీసుకున్నాను, అరటిపండు తీసుకున్నాను. అన్నం ఎప్పుడైనా తీసుకున్నానా అని చాలాసేపు వెతుక్కున్నాను. తను మాత్రం నా పులిహోర సగం తినేది. నేను పెట్టేదాన్ని. పెట్టడం నాకు ఇష్టం.

ఇదంతా కావాలని చేసింది కాదు. కావాలని చేసి ఉంటే ఎప్పుడో పట్టుకుని నాతోనే పోట్లాడేదాన్ని. తెలియకుండా జరిగింది గనక ఇన్నేళ్ళు నడిచింది. లెసన్ ప్లాన్లు అడిగినందుకు వచ్చిన అసూయ ఎంత, నాయనమ్మ ఎంత, అని విడదీసి చూడబోయాను. రాలేదు. తను నా పక్కన కూర్చున్నన్నాళ్ళు నేను మంచిదాన్నే. తను ఎదురుగా, బల్లకి అవతల కూర్చుని, అందర్నీ అడిగినట్టే నన్నూ అడిగిన రోజున నాలో ఏదో లేచి నిలబడింది. దాని పేరు నాకు తెలుసు. ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద రాసే పేరే.

తర్వాతి ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యే వేళకి, మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. తను వంటింట్లో ఉంది. చీర ఇంకా మార్చుకోలేదు. పిల్ల డ్యూటీకి వెళ్ళిందట. నిలబడే చెప్పాను. ఫోను సంగతి, నాయనమ్మ సంగతి, క్రిస్మసుల సంగతి. నేను ఇంతవరకూ ఎవరికీ అంత తిన్నగా, అంత తక్కువ మాటల్లో ఏదీ చెప్పలేదు. చెప్పడం అయ్యాక నాకు కొంచెం తేలిక కూడా అనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి.

తను పొయ్యి కట్టేసింది. "నీకు ఇప్పుడు తెలిసిందా?" అంది.

"అంటే?"

"నాకు రెండో ఏడే తెలుసు. మా అత్తకి మొదటి ఏడే తెలుసు. 'మీ ఫ్రెండు మళ్ళీ సాయంత్రమే వచ్చిందేంటే' అని నవ్వేది."

ముప్ఫై మంది స్టాఫులో ఎవరి లోపల ఏముందో చెప్పగలనని అనుకున్నదాన్ని. నా లోపల ఉన్నది పక్క సీటుకి, పక్క సీటు అత్తగారికి కూడా తెలుసు. నాకొక్కదానికే కబురు అందలేదు.

"మరి ఎందుకు ఊరుకున్నావే ఇన్నేళ్ళు? ఒక్కసారి అడిగితే..."

"అడిగితే వాదిస్తావు. నువ్వే గెలుస్తావు. అప్పుడు బస్సులో నేనెవరితో కూర్చోవాలి?" అంది. "మిగతా అందరికంటే నువ్వు నయం. ఆ నయంతో సర్దుకున్నా. మెడ వంచుకుని సర్దుకున్నా. అది నీకు నిటారుగా కనబడింది."

మూత తీసిన గిన్నెలోంచి అన్నం ఆవిరి వస్తోంది. నేను దాని వైపు చూసి ఉంటాను. "ఇవాళ నీకు పెట్టను," అంది తను. "పెడితే తింటావు. తిని, చెల్లయిపోయింది అనుకుని ఇంటికి పోతావు. నువ్వు నాకు చెప్పాల్సింది చెప్పావు. విన్నా. కానీ వద్దన్నది నన్ను కాదు, పిల్లని. తను నల్లగా ఉన్నందుకు వద్దన్నారని అద్దం ముందు నిలబడి ఏడుస్తంది. నీ పేరు నేను చెప్పలా. నువ్వే చెప్పు."

ఆ పిల్ల నందిగామలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కులో పనిచేస్తుంది. బోర్డు మీద రాసీ రాసీ నా కుడి భుజం పట్టేసింది. వారానికి రెండుసార్లు స్కూలు అయ్యాక తన దగ్గరికే వెళతాను. ఈ గొడవ మొదలయ్యాక మానేశాను. సోమవారం వెళ్ళాను. తను మామూలుగానే నవ్వి, "ఇన్నాళ్ళు ఎగ్గొట్టావా పెద్దమ్మా, చెయ్యి మళ్ళీ బిగుసుకుపోయింది చూడు," అని బల్ల మీద పడుకోబెట్టింది. కళ్ళ కింద వాపు తగ్గలేదు. ఒక చేత్తో నా మోచేయి, ఇంకో చేత్తో భుజం పట్టుకుని మెల్లగా పైకెత్తడం మొదలుపెట్టింది.

అలా పడుకునే చెప్పాను. కంచికచర్ల వాళ్ళు నల్లగా ఉన్నావని వద్దనలేదమ్మా. నా వల్ల వద్దన్నారు. నేను మీ అమ్మని ఈ మాట అన్నాను. మాట మొత్తం చెప్పాను, గొంతు సాగదీసిన సంగతితో సహా. ఎందుకన్నానో కూడా చెప్పాను. కప్పు వంక చూస్తూ చెప్పాను. తన మొహం చూసే ధైర్యం లేదు. నా చెయ్యి మాత్రం తన చేతుల్లోనే ఉంది. వదిలేస్తుందేమో అనుకున్నాను. వదల్లేదు. విసురుగా లాగుతుందేమో అనుకున్నాను. అదీ లేదు. కదలిక ఆగిపోయింది, అంతే. ఫ్యాను తిరుగుతోంది. తెర అవతల ఎవరో పెద్దాయన అబ్బా, అమ్మా అంటున్నాడు.

"నా గురించి ఏమన్నావు?" అంది చివరికి.

"బంగారం అన్నా. కళ్ళకద్దుకుని చేసుకోమన్నా."

"అది నిజంగా అన్నావా? అదీ అలాంటిదేనా?"

నేను తల తిప్పి చూశాను. వెటకారం కాదు. ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. తను ఒకటో తరగతిలో ఉన్ననాటి నుంచి నేను పెట్టిన ముద్దులు, కొన్న గౌన్లు, పరీక్షలకి వెళ్ళేటప్పుడు నెత్తిన పెట్టిన చెయ్యి, అన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకుంటోంది, ఏది ఎలాంటిదోనని. పెళ్ళి చెడగొట్టడం కంటే పెద్ద నష్టం అదేనని నాకు అప్పుడు తెలిసింది. ఇంకో సంబంధం వస్తుంది. దీనికి నేను ఏ సాక్ష్యం తేగలను?

"నిజంగానే అన్నా," అన్నాను. "కానీ నమ్మమని నేను అడగలేనమ్మా. నువ్వే చూసుకోవాలి."

అంతకు ముందు నేనెప్పుడూ ఒక మాట అని, దాన్ని ఎదుటి మనిషి దగ్గర వదిలేసి, నోరు మూసుకుని ఎదురుచూడలేదు. తను నమ్మిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కాసేపటికి నా మోచేతి కింద అరచేయి మళ్ళీ సర్దుకుంది.

"నొప్పి వచ్చిన చోట చెప్పు," అంది. "ఓర్చుకోమాకు. అక్కడే ఆపుతా."

చెయ్యి మెల్లగా పైకి లేచింది. వచ్చిన చోట చెప్పాను.